యమాటోను మొదటి నుంచే క్యారియర్‌గా కట్టి ఉంటే? (కిట్ మీద రంపం పెట్టాక వచ్చిన డౌట్)

హనుమకొండ_మోడలర్:

అందరికీ నమస్తే. ప్లాస్టిక్ నౌకలు అతికించుకుంటూ కూర్చునే బాపతు మనిషిని నేను. పోయిన నెల యమాటో (రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ బ్యాటిల్‌షిప్, అంటే పెద్ద తుపాకుల యుద్ధనౌక) కిట్ తెప్పించుకున్నాను, 1:700 స్కేలు. అసలు నౌక 263 మీటర్లు కాబట్టి ఇది మూరెడుకు కాస్త తక్కువ వస్తుంది. డబ్బా విప్పి చూస్తే ముందు టర్రెట్ (తుపాకులు బిగించిన తిరిగే గూడు) గొట్టాలు రెండు విరిగి ఉన్నాయి. తిప్పి పంపాలంటే మళ్లీ ఫోటోలు, మెయిళ్లు, పదిహేను రోజుల లొల్లి. ఎలాగూ గొట్టాలు పోయాయి కదా, దీన్ని క్యారియర్‌గా, అంటే విమానవాహక నౌకగా మార్చేద్దాం అని డాబా మీద హ్యాక్సా బ్లేడు, అగ్గిపుల్లలు, పాత పెళ్లి పత్రికల అట్ట ముందేసుకుని కూర్చున్నాను.

పైన డెక్ ఊడదీయగానే మూడు పెద్ద గుండ్రటి కంతలు కనబడ్డాయి, టర్రెట్లు కూర్చునే చోట్లు. కిట్‌లో అవి ఉత్త కంతలే, అసలు నౌకలో అయితే బావి గట్టులాగా మందపాటి ఉక్కు గొట్టాలు నౌక అడుగు వైపు దిగిపోతాయి. వెనక కంత చూసి మొదట తెగ సంబరపడ్డాను, విమానాల లిఫ్టుకు తయారుగా ఉన్న బావి దొరికిందని. తర్వాత తెలిసింది అసలు తలనొప్పి పొగగొట్టంతో అని. అది నౌక నడిమధ్యలో నిటారుగా ఉంటుంది, దాని మీదుగా ఫ్లైట్ డెక్ (విమానాలు ఎగిరే పై అంతస్తు) వేయలేం, హ్యాంగర్ (కింద విమానాలు పెట్టే షెడ్డు) మధ్యలోంచి పోనివ్వలేం. పక్కకు వంచాలి. ఇప్పటికి మూడుసార్లు వంచి అతికించాను, మూడుసార్లూ ఊడింది.

ఇక నా డౌట్. యమాటోకు కీల్ (నౌక అడుగు దూలం, అంటే కట్టడం మొదలు) వేసింది 1937 నవంబరులో, ముసాషికి 1938 మార్చిలో, మూడోదైన షినానోకు 1940 మేలో. ఈ మూడింటినీ మొదటి నుంచే క్యారియర్లుగా కడదామని జపాన్ నౌకాదళం అప్పుడే అనుకుని ఉంటే? 1942 జూన్‌లో అమెరికాతో మిడ్‌వే దీవి దగ్గర జరిగిన యుద్ధంలో అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ నాలుగే కాకుండా ఇంకో రెండు భారీ క్యారియర్లు ఉండేవి కదా.

ఇంత పెద్ద మార్పు కుదరదంటారా, సరే, చిన్నది చెప్తా. 1941 డిసెంబరులో షినానో పని దాదాపు ఆపేశారు, దాన్నేం చేయాలో తేల్చుకోలేక. డాక్ ఖాళీ చేస్తే చాలన్నట్టు కొద్దిమంది కూలీలతో నడిపించారు. మిడ్‌వేలో నాలుగు క్యారియర్లు పోయాకే క్యారియర్‌గా మార్చాలని నిర్ణయం. ఆ ఆరు నెలలు వృథా కాకపోతే, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటిష్ పెద్ద యుద్ధనౌకలను జపాన్ విమానాలు ముంచిన 1941 డిసెంబరు 10నే ‘ఇక బ్యాటిల్‌షిప్‌ల కాలం అయిపోయింది’ అని వాళ్లకు తట్టి ఉంటే, షినానో 1944 జూన్‌లో జరిగిన ఫిలిప్పీన్ సముద్రం యుద్ధానికి అందేదని నా లెక్క.

తప్పయితే చెప్పండి. కానీ ‘ఏం చేసినా జపాన్ ఓడేదే’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేయకండి ప్లీజ్, అది నాకూ తెలుసు.

ఆటోనగర్_బాడీబిల్డర్ (వరంగల్):

తమ్మీ, నౌకల గురించి నాది వీడియోల జ్ఞానమే. లారీల గురించి మాత్రం ఇరవై రెండేళ్ల నుంచి తెలుసు, అందుకే ఒక మాట చెప్తా.

ఒకసారి మేడారం జాతరకు నెల ముందు ఒకాయన ఇటుకల లారీ తెచ్చి, దీన్ని వాటర్ ట్యాంకర్ చేసి ఇయ్యి అన్నాడు. ఛాసిస్ గట్టిదే, ఇంజిన్ మంచిదే. ట్యాంక్ చుట్టి ఎక్కించాం. లోపల బాఫిల్ ప్లేట్లు వేయాలి, అంటే నీళ్లు అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డు రేకులు. నాలుగు వేయాల్సింది రెండే వేశాం. జాతర ముంచుకొస్తుంది, మిగతావి తర్వాత చూద్దాం, ముందు బండి కావాలి అని ఆయన లొల్లి. నాకూ పైసలు కావాలి. ఇచ్చేశా. పస్రా దాటాక మలుపులో సగం నీళ్లతో ఉన్న ట్యాంకర్ పక్కకు ఒరిగి పొలంలో పడుకుంది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. నిండు ట్యాంకర్ అంత తేలిగ్గా ఒరగదు, ఖాళీదీ ఒరగదు, సగం నీళ్లదే ప్రాణం తీస్తది.

మీరు చెప్పిన షినానో కథ చదివితే నాకు ఆ ట్యాంకరే యాదికొచ్చింది. 1944 నవంబరు 19న నౌకాదళానికి అప్పగించారు, 29న మునిగింది. పట్టుమని పది రోజులు. ఆర్చర్‌ఫిష్ అనే అమెరికా సబ్‌మెరైన్ తెల్లవారుజామున మూడింటి తర్వాత నాలుగు టార్పెడోలు కొట్టింది. అంత పెద్ద నౌకకు నాలుగు దెబ్బలు తట్టుకునే శక్తి ఉండాల్నట. కానీ లోపల గదికీ గదికీ మధ్య నీళ్లు ఆగే తలుపులు కొన్ని బిగించనే లేదు, కేబుళ్లకు పైపులకు గోడల్లో వేసిన కంతలు మూయలేదు, గదుల్లోకి గాలి కొట్టి లీకులు చూసే పరీక్ష కూడా ఎగ్గొట్టారు. నీళ్లు గది నుంచి గదికి పోయి, ఏడెనిమిది గంటల్లో కుడి పక్కకు తిరగబడింది. 1,400 మందికి పైగా పోయారు, అందులో ఇంకా పని చేస్తున్న షిప్‌యార్డు వాళ్లు కూడా ఉన్నారు. కెప్టెన్ అబే ఇంకొంచెం టైం కావాలని అడిగాడట, ఇయ్యలేదు.

నువ్వు ఆరు నెలలు ముందు మొదలుపెడితే అంటున్నావు. ఆరు నెలలు ముందు మొదలుపెట్టినా, పై నుంచి తొందర పెట్టేవాడు ఆరు నెలలు ముందే అడుగుతాడు కదా తమ్మీ. రెండు రేకులు అప్పుడూ మిగిలిపోతాయి.

నిట్_మెకానికల్_మూడో_ఏడాది:

అన్నా, బాడీబిల్డర్ అన్న చెప్పిన దాన్ని మా సబ్జెక్టులో ఫ్రీ సర్ఫేస్ ఎఫెక్ట్ అంటారు. సెమిస్టర్ పరీక్షలో ఐదు మార్కులకు రాసి మర్చిపోయాను, ఆ ట్యాంకర్ కథ చదివాక ఇక మర్చిపోను.

నేను వచ్చింది వేరే పాయింటుకు. మోడలర్ అన్నా, మీరు టన్నులు చూసి లెక్క వేస్తున్నారు. యమాటో స్టాండర్డ్ బరువు దాదాపు 64 వేల టన్నులు. జపాన్‌దే షోకాకు అనే క్యారియర్ 26 వేల టన్నుల లోపు. అంటే ఒక యమాటో ఉక్కుతో రెండు షోకాకులు వచ్చి ఇంకా మిగలాలి. పైకి అంతే కనబడుతుంది. కానీ ఇంజిన్లు చూడండి. యమాటోకు లక్షా 50 వేల హార్స్‌పవర్, వేగం 27 నాట్లు (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు). షోకాకుకు లక్షా 60 వేలు, 34 నాట్లు. సగం కూడా లేని నౌకకు ఇంజిన్ ఇంకా పెద్దది! క్యారియర్‌కు గాలికి ఎదురుగా జోరుగా ఉరకడమే పని, అందుకే దాని డబ్బంతా బాయిలర్లలో టర్బైన్లలో ఉంటుంది. బ్యాటిల్‌షిప్ డబ్బు కవచంలో, తుపాకుల్లో ఉంటుంది. యమాటో ఒక్క టర్రెట్ బరువు 2,500 టన్నుల పైనే, అప్పటి ఒక డిస్ట్రాయర్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) అంత. కాబట్టి యమాటో బదులు రెండు షోకాకులు కావాలంటే ఉక్కు సరిపోతుంది, టర్బైన్లు రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి. టర్బైన్ బ్లేడ్లు కోసే షాపులు టర్రెట్ ఫ్యాక్టరీలోంచి పుట్టుకురావు.

పోనీ యమాటో హల్‌నే (నౌక ఒంటి కట్టడం) ఉన్నదున్నట్టు క్యారియర్ చేస్తే వచ్చేది షినానోనే కదా. 65 వేల టన్నులు, సొంత విమానాలు 47. ఫ్లైట్ డెక్‌కే కవచం వేసి అంత బరువు పైన పెట్టారు కాబట్టి హ్యాంగర్ ఒక్క అంతస్తుతో ఆపేశారు. షోకాకు రెండంతస్తుల హ్యాంగర్లలో 72 మోసేది. అమెరికా ఎసెక్స్ 27 వేల టన్నుల్లో 90 దాకా. టన్నుకు ఎన్ని విమానాలు అని చూస్తే షినానో ఫెయిల్. నిజానికి దాన్ని ముందు వరుసలో కొట్లాడే క్యారియర్ అనుకోలేదు కూడా, వేరే క్యారియర్ల విమానాలకు పెట్రోలు, బాంబులు, రిపేర్లు అందించే తేలే స్థావరంలాగా వాడదామని ప్లాన్.

అమెరికావాళ్లు కూడా కట్టకుండా మిగిలిన అయోవా తరగతి హల్స్‌ను క్యారియర్లుగా మార్చే డిజైన్ గీసి చూశారు. ఎసెక్స్ కన్నా తక్కువ విమానాలు, టైం మాత్రం మిగలదు అని తేలి పక్కన పెట్టేశారు. మార్చి లాభపడింది క్రూజర్లతో, అంటే బ్యాటిల్‌షిప్ కన్నా చిన్న యుద్ధనౌకలతో. క్లీవ్‌లాండ్ క్రూజర్ల హల్స్ తొమ్మిదింటిని ఇండిపెండెన్స్ తరగతి క్యారియర్లు చేశారు, మొదటిది 1943 జనవరికే తయారు. క్రూజర్ సన్నగా, వేగంగా ఉంటుంది, ఇంజిన్ అప్పటికే కావలసినంత ఉంది. ఎక్స్‌ప్రెస్ బస్సును పల్లెవెలుగు చేయడం తేలిక, లారీని చేయడం కష్టం అన్నట్టు.

ఇంకొకటి, మీకు తెలిసే ఉంటుంది: 1937 ప్రోగ్రాంలో యమాటో, ముసాషితో పాటు షోకాకు, దాని జోడీ క్యారియర్ జుయికాకు కూడా ఉన్నాయి. అంటే వాళ్లు క్యారియర్లను మర్చిపోలేదు. రెండు చేతుల్లో రెండూ పట్టుకున్నారు.

రామగుండం_రాజు:

ఇంతమంది పెద్దలు ఐస్‌తో కట్టాలనుకున్న క్యారియర్ సంగతి ఎత్తరేం? బ్రిటిషోళ్లు చెక్కపొట్టు కలిపిన ఐస్‌తో పెద్ద క్యారియర్ కడదామని 1943లో కెనడాలో ఒక చెరువు మీద నమూనా కట్టి చూశారు. మన దగ్గర మే నెలలో ఆ ప్రయోగం చేసి ఉంటే సాయంత్రానికి సోడాల్లోకి వేసుకునేవాళ్లం. సారీ, కంటిన్యూ చేయండి.

కరీంనగర్_మాజీ_నేవీ:

రాజు గారూ, నవ్వించారు.

నేను నౌకాదళంలో పదిహేనేళ్లు మెకానిక్‌గా చేశాను, అందులో కొంతకాలం క్యారియర్ మీద. చదువుకున్న పిల్లలు చెప్పిన లెక్కలకు నేను వంక పెట్టను, చూసింది చెప్తాను.

మొదటిది, మార్చడం అనే మాట చాలా అమాయకంగా వినబడుతుంది. మన విక్రమాదిత్య ఉంది కదా, అది ముందు సోవియట్ క్రూజర్ లాంటి క్యారియర్, ముందు డెక్ మీద మిసైల్ గొట్టాలు ఉండేవి. అవన్నీ పీకేసి, డెక్ సాపు చేసి, ముక్కు దగ్గర పైకి లేచే ర్యాంపు పెట్టాలి. 2004లో ఒప్పందం, 2008లో ఇస్తామన్నారు, చేతికి వచ్చింది 2013 నవంబరులో. ఖర్చు రెట్టింపు దాటిపోయింది. పాత నౌకను విప్పేకొద్దీ లోపల ఎంత కేబుల్ మార్చాలో అప్పుడు తెలిసింది. చివర్న 2012 ట్రయల్స్‌లో బాయిలర్లు మొరాయించాయి. ఇదంతా శాంతికాలంలో, నెత్తిన బాంబులు పడకుండా. 1943లో జపాన్ పరిస్థితి ఊహించుకోండి, ఉక్కు లేదు, రాగి లేదు, పని తెలిసినవాళ్లను సైన్యం ఎత్తుకుపోతోంది.

రెండోది ఇసె, హ్యుగా. ఈ థ్రెడ్‌లో అవి రాకపోవడం ఆశ్చర్యం. పాత బ్యాటిల్‌షిప్‌లు రెండింటికీ వెనక రెండేసి టర్రెట్లు పీకి, అక్కడ హ్యాంగర్, పొట్టి డెక్ కట్టారు, 1943లో. ముందు సగం బ్యాటిల్‌షిప్, వెనక సగం క్యారియర్. ఒక్కోదానికి 22 విమానాలు అని ప్లాన్. కాటపల్ట్‌తో (విమానాన్ని విసిరే యంత్రం) ఎగరగొట్టొచ్చు, దిగడానికి డెక్ చాలదు. తేలే విమానాలైతే నీళ్లలో దిగితే క్రేన్‌తో ఎత్తుకోవాలి, చక్రాల విమానాలు వేరే క్యారియర్ మీదో ఒడ్డునో దిగాలి. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్ దగ్గర లేతే యుద్ధానికి ఈ రెండూ వెళ్లాయి, వాటి మీద ఒక్క విమానం లేదు. అంత కష్టపడి కట్టిన డెక్ ఉత్తదే. 1945 ఫిబ్రవరిలో సింగపూర్ నుంచి పెట్రోలు, రబ్బరు మోసుకురావడానికి వాడుకున్నారు, హ్యాంగర్ గోడౌన్‌గా పనికొచ్చింది.

విమానం లేకపోవడం కన్నా ఎగిరేవాడు లేకపోవడం పెద్ద కష్టం. మోడలర్ గారు మిడ్‌వేలో ఇంకో రెండు క్యారియర్లు అంటున్నారు. జుయికాకు ఆ రోజు ఎక్కడుందో చూడండి. నెల కింద, 1942 మేలో కోరల్ సముద్రం యుద్ధంలో షోకాకుకు దెబ్బలు తగిలాయి, జుయికాకుకు గీత కూడా పడలేదు. కానీ దాని విమానాలు, పైలట్లు చాలామంది పోయారు. అందుకని మిడ్‌వేకు రాకుండా జపాన్‌లోనే ఉండిపోయింది. నౌక రేవులో నిక్షేపంగా ఉంది, దాని మీద ఎగిరేవాళ్లు లేరు. మీ యమాటో క్యారియర్ ఉన్నా దాని పక్కనే లంగరు వేసుకుని ఉండేది.

డెక్ మీద దిగడం అంటే ఏమిటో చూస్తే తప్ప తెలియదు. రాత్రి పూట, కింద డెక్ పైకీ కిందకీ ఊగుతుంటే, దూరం నుంచి అగ్గిపెట్టె అంత కనబడే దాని మీదకు దిగాలి. మేం కింద నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్లం. అలాంటి పైలట్ తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. జపాన్ ఉన్నవాళ్లను చచ్చేదాకా ముందు వరుసలోనే ఉంచింది. అమెరికా అనుభవం ఉన్నవాళ్లను వెనక్కి పిలిచి పిల్లలకు నేర్పించమంది.

గోదావరిఖని_సెకండ్_షిఫ్ట్:

నేవీ కాకా చివరి మాట పట్టుకుని వస్తున్నా. నాకు ఈ టాపిక్ మొత్తంలో ఇష్టమైన క్యారియర్లు యమాటోలూ షినానోలూ కావు. బొగ్గుతో నడిచే క్యారియర్లు రెండుండేవి! బొగ్గు గనిలో పనిచేసేవాడిగా ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

అమెరికాలో మిషిగన్ సరస్సులో, చికాగో దగ్గర. పేర్లు వుల్వరిన్, సేబుల్. అంతకుముందు అవి జనం షికారుకు పోయే స్టీమర్లు, రెండు పక్కలా పెద్ద పెద్ద తెడ్డు చక్రాలు తిరుగుతాయి. పైన రూములన్నీ కొట్టేసి చదునైన డెక్ వేశారు. హ్యాంగర్ లేదు, లిఫ్టు లేదు, కాటపల్ట్ లేదు, కవచం లేదు, ఒక్క తుపాకీ లేదు. కింద బాయిలర్లో బొగ్గు వేస్తుంటే పొగ వదులుకుంటూ చక్రాలు తిప్పుకుంటూ పోయేవి, పైన కుర్ర పైలట్లు దిగుతూ లేస్తూ నేర్చుకునేవాళ్లు. వుల్వరిన్ 1942 ఆగస్టులో, సేబుల్ 1943లో. 17 వేల మందికి పైగా పైలట్లు వాటి మీదే పాసయ్యారు, తర్వాత ప్రెసిడెంట్ అయిన పెద్ద బుష్ కూడా సేబుల్ మీదే నేర్చుకున్నాడు. సరస్సులో కాబట్టి జర్మన్ సబ్‌మెరైన్ భయం లేదు. గాలి లేని రోజున మాత్రం బరువు విమానాలకు కష్టం, ఎందుకంటే ఈ స్టీమర్ల స్పీడు చాలదు.

మార్చిన నౌకల్లో యుద్ధానికి ఎక్కువ పనికొచ్చినవి ఏవంటే నేను ఈ రెండింటికే ఓటేస్తా. జపాన్‌కు కావలసింది యమాటో క్యారియర్ కాదు, తన దీవుల మధ్య ఉన్న లోపలి సముద్రంలో ఏ పాత పడవో పట్టుకుని ఇలాంటిది నాలుగు చేసుకోవాల్సింది. (ఇదే నా ఆల్టర్నేట్ హిస్టరీ, కాపీరైట్ నాదే.)

మార్చిన నౌకల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి, యుద్ధానికి సంబంధం లేదు గానీ ఆగలేకపోతున్నా. అమెరికా లెక్సింగ్టన్, సారటోగా రెండూ మొదట బ్యాటిల్‌క్రూజర్లుగా (పెద్ద తుపాకుల వేగమైన నౌకలు) మొదలైనవే, పెద్ద యుద్ధనౌకలకు హద్దు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందం వల్ల క్యారియర్లయ్యాయి. వాటిల్లో టర్బైన్ నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పదు, కరెంటు పుట్టిస్తుంది, మోటార్లు తిప్పుతాయి. 1929 చివర్లో వానలు లేక టకోమా అనే ఊళ్లో జలవిద్యుత్ పడిపోతే, లెక్సింగ్టన్‌ను రేవుకు కట్టేసి నెల రోజులు ఊరికి కరెంటిచ్చారు. మా పక్కన రామగుండం చిమ్నీలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది, ఒక నౌక ఊరికి పవర్ హౌస్ అయింది అని.

హిస్టరీ_లెక్చరర్ (హనుమకొండ):

అబ్బాయిలందరూ ఉక్కు, టర్బైన్లు, పైలట్లు అంటున్నారు. నేను నౌకలు కట్టకుండానే చరిత్ర మార్చి చూపిస్తాను, ఒక్క ప్రమాదం తీసేస్తే చాలు.

ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్‌తో పాటు సింగపూర్ వైపు పంపాలనుకున్న కొత్త క్యారియర్ ఇండామిటబుల్, 1941 నవంబరులో జమైకా దగ్గర నేలకు తగిలి రిపేర్‌కు పోయింది. ఆ రెండు నౌకలూ నెత్తిన సొంత విమానం ఒక్కటీ లేకుండా వెళ్లాయి. డిసెంబరు 10న ఇండోచైనా నుంచి వచ్చిన జపాన్ విమానాలు ఎనభైకి పైగా, 840 మంది సముద్రంలో పోయారు. ఇండామిటబుల్ ఉంటే గెలిచేవాళ్లా? నాకు నమ్మకం లేదు, దాని మీద ఉన్న యుద్ధ విమానాలు కొన్నే. కానీ ఆ బాంబర్లకు వెంట రక్షణగా ఫైటర్లు లేవు, కాబట్టి అంత హాయిగా వచ్చి వేసిపోయేవి కావు. ఒక్క బ్రిటిష్ నౌక బతికి బయటపడి ఉంటే, మోడలర్ చెప్పిన ‘బ్యాటిల్‌షిప్‌ల కాలం అయిపోయింది’ అనే పాఠం అంత గట్టిగా ఎవరికీ తగిలేది కాదేమో. అప్పుడు షినానో బ్యాటిల్‌షిప్‌గానే పూర్తయ్యేది! మీరు కోరుకున్నదానికి పూర్తిగా ఉల్టా.

రెండోది మన తెలుగు గడ్డకు సంబంధించింది. పుస్తకాల్లో మిడ్‌వే చదువుతాం గానీ, జపాన్ క్యారియర్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయని క్లాసులో చెప్తే పిల్లలు ఇప్పటికీ నమ్మరు. 1942 ఏప్రిల్ 6. ర్యూజో అనే చిన్న క్యారియర్ నుంచి వచ్చాయి. అదే వారంలో జపాన్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. పెద్ద దళం, అంటే అడ్మిరల్ నగుమో ఐదు క్యారియర్లు, శ్రీలంకలోని కొలంబో, ట్రింకోమలీల మీద పడి బ్రిటిష్ క్యారియర్ హెర్మీస్‌ను ముంచాయి. మా అమ్మమ్మ వాళ్లది అనకాపల్లి వైపు, ఆ ఏడాది దీపాలు ఆర్పేసి బండి కట్టుకుని పల్లెకు పోయామని ఎప్పుడూ చెప్పేది, జపాన్ అనేది కాదు, ‘ఆ బాంబులోళ్లు’ అనేది.

అందుకే నా వరకు నిజమైన ‘అలా జరిగి ఉంటే’ మిడ్‌వేలో లేదు, ఇక్కడ ఉంది. శ్రీలంకను పట్టుకుందామని జపాన్ నౌకాదళం అడిగింది, వాళ్ల పదాతి సైన్యం మనుషులను ఇవ్వనంది. ఇచ్చి ఉంటే? యమాటో ఏ రూపంలో ఉన్నా, మద్రాసు, విశాఖ రేవుల ముందు జపాన్ నౌకలు నెలల తరబడి నిలబడి ఉండేవి.

సముద్రమే లేని మన నిజాం రాజ్యానికీ ఈ కథలో చిన్న పాత్ర ఉంది. నిజాం సాయంతో కట్టిన డిస్ట్రాయర్‌కు ఆయన పేరే పెట్టారు, ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’గా 1941 నుంచి పనిచేసింది. మధ్యధరాలో క్రీట్, టోబ్రుక్ వైపు తిరిగి, చివరికి 1945లో జపాన్ లొంగిపోయిన రోజు టోక్యో అఖాతంలో ఉంది. నా క్లాసులో ఏ పాఠానికీ లేవని తలలు ఆ మాటకు లేస్తాయి. మోడలర్, వీలైతే ఆ కిట్ వెతుకు.

హనుమకొండ_మోడలర్:

అందరికీ మస్తు థ్యాంక్స్. మూడు రోజుల నుంచి ఆఫీసులో పని మానేసి ఇవే చదువుతున్నా.

ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటా. టన్నుల లెక్క నాది తప్పే, హార్స్‌పవర్ చూడలేదు. జుయికాకు సంగతి తెలుసు గానీ దాన్ని నా వాదన మీదకు తెచ్చుకోలేదు, నేవీ కాకా అక్కడ దొరకబట్టారు. కానీ ఆయన మాటల్లోంచే నాకు ఇంకో డౌట్ పుట్టింది. కోరల్ సముద్రం నుంచి షోకాకు విమానాలు, పైలట్లలో కొందరైనా బతికి వచ్చారు కదా. దెబ్బతిన్న నౌక పైలట్లను దెబ్బతినని జుయికాకు మీదకు ఎక్కించి మిడ్‌వేకు పంపొచ్చు. ఎందుకు పంపలేదంటే, వాళ్ల పద్ధతిలో ఏ నౌక విమాన దళం ఆ నౌకదే, కలపడం అలవాటు లేదు. అమెరికావాళ్లయితే సారటోగా విమాన దళాన్ని తెచ్చి మిడ్‌వేలో యార్క్‌టౌన్ క్యారియర్ మీద కూర్చోబెట్టారు. దీనికి కొత్త ఉక్కు, కొత్త టర్బైన్, ఆరు నెలల టైం ఏదీ అక్కర్లేదు, ఒక కాగితం మీద సంతకం చాలు. ఇది వేరే థ్రెడ్ పెడతా, కాకా మళ్లీ రావాలి.

లెక్చరర్ మేడం, ‘నిజాం’ కిట్ దొరకలేదు. అదే తరగతి డిస్ట్రాయర్ వేరే పేరుతో ఒకటి ఉంది, పేరు నేనే రాసుకుంటా.

యమాటో పని ఎక్కడిదాకా వచ్చిందంటే, పొగగొట్టం నాలుగోసారికి నిలబడింది, కుడి పక్కకు వంచాను. పెళ్లి పత్రిక అట్టతో డెక్ వేసి, ఆరాక తేలుతుందో లేదో అని డాబా మీద బకెట్లో వదిలాను. అడుగున రెండు కంతలకు ఎపాక్సీ పెట్టడం మర్చిపోయినట్టున్నా. ఐదు నిమిషాలు బాగానే ఉంది, మెల్లగా కుడి పక్కకు ఒరిగి, అగ్గిపుల్లల ర్యాంపు ముందు మునిగింది. బాడీబిల్డర్ అన్నా, నవ్వకండి, ఈ ఆదివారం మీ షాపుకే తెస్తున్నా.